నమూనా రైలు మార్గములు - మరుగుపడిన దారుల చరిత్ర

1906వ సంవత్సరమున ఇంగ్లండులోని స్విండను రైల్వే కర్మాగారములో రెండు పాత ఆవిరి ఇంజనులను ముక్కలు చేసి తుక్కు ఇనుములో కలిపివేసిరి. వానిలో మొదటిది ‘నార్త్ స్టార్’. 1837లో రాబర్ట్ స్టీవెన్సను కర్మాగారమున తయారైన ఈ ఇంజను గ్రేట్ వెస్టర్న్ రైల్వే పుట్టిననాటి నుండి బండ్లు లాగినది. రెండవది ‘లార్డ్ ఆఫ్ ది ఐల్స్’. ఎనిమిది అడుగుల వ్యాసము గల చక్రములతో ఇది ఒకనాడు వేగమునకు పేరు మోసినది. పని చాలించిన పిదప రెండింటిని ఏండ్ల తరబడి కర్మాగారములోనే దాచియుంచిరి. తీసివేయుటకు కారణము చోటు చాలకపోవుట, అంతే. పందొమ్మిది సంవత్సరములు గడచిన తరువాత, 1925లో, స్టాక్‌టన్ - డార్లింగ్టన్ రైలు మార్గపు శతవార్షికోత్సవము వచ్చినది. అప్పుడు అదే కర్మాగారమువారు అక్కడక్కడ మిగిలిన అసలు భాగములను తెప్పించి, తక్కినవి కొత్తగా చేయించి, ‘నార్త్ స్టార్’కు ఒక ప్రతిరూపమును కట్టవలసి వచ్చినది. రెండవ ఇంజనుకు ఆ భాగ్యము కూడ కలుగలేదు. దాని పెద్ద చక్రముల జత మాత్రము మిగిలినది.

ఈ రెండు ఇంజనులతో పాటు మరుగుపడినది ఒక పూర్తి రైలు విధానము. గ్రేట్ వెస్టర్న్ మార్గమును నిర్మించిన ఇంజనీరు ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ పట్టాల నడుమ 7 అడుగుల పావు అంగుళము ఎడము ఉంచెను. దేశమున తక్కిన రైళ్ళకు పెక్కింటికి ఆ ఎడము 4 అడుగుల 8½ అంగుళములే. వెడల్పు పట్టాలపై బండి నిలకడగా పోవును, వేగము కూడ హెచ్చును అని బ్రూనెల్ వాదము. అది అబద్ధము కాదు. 1838లో లండను నుండి మెయిడెన్‌హెడ్ వరకును, 1841లో బ్రిస్టలు వరకును ఆ దారి పూర్తి అయినది. కాని రెండు గేజిలు కలిసిన గ్లాస్టరు వంటి స్టేషనులలో ప్రయాణికులు దిగి వేరు బండి ఎక్కవలెను. సరకు నంతటిని ఒక బండి నుండి మరియొక బండికి చేతులతో మార్చవలెను. 1846లో పార్లమెంటు చిన్న గేజి వైపు మొగ్గి శాసనము చేసినది. పెద్ద గేజి మరి కొంతకాలము బ్రతికి, 1892 మే నెలలో ముగిసిపోయినది. ఎక్సెటరు పట్టణమునకు పడమరగా మిగిలిన మార్గమునంతటిని 4 వేలకు పైగా పనివారు ఒక శని ఆదివారములలో చిన్న గేజికి మార్చిరి. ఇంగ్లండు గర్వించిన ఆ పెద్ద ఇంజనులు వరుసగా స్విండనుకు చేరి తుక్కైనవి. నేడు ఆ గేజిపై తిరిగిన అసలు ఇంజను ‘టైనీ’ అను చిన్నది ఒక్కటియే మిగిలియున్నది. పేరు కూడ ‘చిట్టిది’ అనియే అర్థము.

ఇట్లు అసలు వస్తువు పోయినప్పుడు దానిని తెలిసికొనుటకు మిగులు సాధనములు మూడు: కాగితముపై గీసిన పటములు, ఛాయాచిత్రములు, చూచినవారి మాటలు. ఈ మూడింటిని ఒకచోట చేర్చి, ఒకదానితో ఒకటి సరిపోవునో లేదో పరీక్షింపగల ఉపాయము ఒకటి కలదు. అది కొలత ప్రకారము నమూనాను కట్టుట. పటమున చక్రమునకును మెట్టునకును నడుమ ఖాళీ ఉన్నట్లు కనబడవచ్చును; కట్టిచూచినప్పుడు చక్రము తిరుగకపోవచ్చును. అప్పుడు పటము తప్పో, చదివినవారు తప్పో తేలక తప్పదు. వ్యాసము వ్రాయువాడు తనకు తెలియని చోటును మాటలతో దాటిపోవచ్చును. నమూనా కట్టువానికి ఆ వీలు లేదు. ఇంటికి వెనుక గోడ ఉండితీరవలెను కదా!

ఐతే రైలు నమూనాలు మొదట ఈ ఉద్దేశముతో పుట్టలేదు. అవి పిల్లల ఆటవస్తువులు. 1891లో జర్మనీలోని మెర్క్లిన్ సంస్థ లైప్‌జిగ్ సంతలో, పట్టాల ఎడమునకు నియమిత సంఖ్యలు గల బొమ్మ రైళ్ళను ప్రదర్శించినది. అంతకుముందు ఒకరి ఇంజను మరియొకరి పట్టాలపై నడిచెడిది కాదు. బొమ్మ రైలు ఏదో ఒక రైలు వలె ఉన్న చాలును. నమూనా రైలు అట్లు కాదు. అది ఫలానా మార్గమున, ఫలానా సంవత్సరమున నడచిన ఫలానా రైలు వలె ఉండవలెను. లండనులో 1910లో ఏర్పడిన మోడల్ రైల్వే క్లబ్బు నాటికి ఈ రెండవ కోరిక పెద్దవారిలో బలపడినది.

అప్పుడు ఒక చిక్కు వచ్చినది. దాని కథ గణితము బోధించు ఉపాధ్యాయులకు పనికివచ్చును. ఐరోపా ఖండమున 16.5 మిల్లీమీటర్ల ఎడము గల పట్టాలు వాడుకలోనికి వచ్చినవి. అసలు అడుగునకు 3.5 మిల్లీమీటర్లు చొప్పున, అనగా 87లో ఒకవంతుగా తగ్గించినచో 4 అడుగుల 8½ అంగుళముల గేజి సరిగా 16.5 మిల్లీమీటర్లు అగును. కాని బ్రిటిషు ఇంజనులు ఖండపు ఇంజనుల కంటె సన్ననివి. అంత చిన్న కొలతలో వాని లోపల ఆనాటి విద్యుత్ మోటారు పట్టలేదు. అందుచేత అచటి తయారీదారులు ఇంజనును మాత్రము అడుగునకు 4 మిల్లీమీటర్లు చొప్పున పెంచి, పట్టాలను పాత 16.5 మిల్లీమీటర్లలోనే ఉంచివేసిరి. 1938లో వెలువడిన హార్న్‌బీ డబ్లో రైళ్ళు ఈ కొలతవే. అడుగునకు 4 మిల్లీమీటర్లైనచో పట్టాల ఎడము 18.83 మిల్లీమీటర్లు ఉండవలెను. 16.5ను నాలుగుతో భాగించినచో వచ్చునది 4 అడుగుల 1½ అంగుళములు. అనగా ఈ బొమ్మలో ఇంగ్లండు రైళ్ళన్నియు అసలు గేజి కంటె ఏడు అంగుళములు ఇరుకైన పట్టాలపై నడచుచున్నవి. మోటారు కొరకు చేసిన ఈ సర్దుబాటు నేటికిని పోలేదు. దీనిని సహింపలేనివారు మొదట 18 మిల్లీమీటర్ల పట్టాలను, తరువాత 18.83 మిల్లీమీటర్ల పట్టాలను చేతితో తయారుచేసికొనిరి. ఇంజనుల గేజి విషయమై 1846లో పార్లమెంటు తేల్చిన తగవును నమూనాకారులు ఇంకను తేల్చుకొనలేదన్నమాట.

అడుగునకు 4 మిల్లీమీటర్లు అనగా 76.2లో ఒకవంతు. ఈ లెక్కతో కొన్ని విషయములు పరిశీలింపవచ్చును. 60 అడుగుల పెట్టె 24 సెంటీమీటర్లు అగును. బల్లమీద చక్కగా ఇమిడిపోవును. మైలు దూరము 21 మీటర్లు దాటును; ఇది ఇంటిలో ఇమడదు. 1900 సంవత్సరమున రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై ప్రారంభమై 1997 వరకు బండ్లను మోసిన హేవలాకు వంతెనకు 150 అడుగుల అంకణములు 56 కలవు. ఒక అంకణము నమూనాలో 60 సెంటీమీటర్లే. వంతెన అంతయు కట్టినచో 33 మీటర్లు దాటును. ఉన్నత పాఠశాల వరండా కూడ చాలదు. వంపుల సంగతి ఇంకను కష్టము. 1,320 అడుగుల వ్యాసార్ధము గల అసలు వంపు నమూనాలో 5 మీటర్ల 28 సెంటీమీటర్లు అగును. హార్న్‌బీ డబ్లో పట్టాల వంపు వ్యాసార్ధము అడుగుంబావు. నిజ ప్రపంచమునకు మార్చినచో అది 95 అడుగులే. అట్టి వంపులో అసలు ఎక్స్‌ప్రెస్సు ఇంజను తిరుగజాలదు.

కనుక నమూనా కట్టువారు దేనిని సరియైన కొలతలో ఉంచవలెనో, దేనిని కుదింపవలెనో నిర్ణయించుకొనక తప్పదు. సాధారణముగా ఇంజనును, పెట్టెలను, భవనములను కుదింపరు. స్టేషనుల నడుమ దూరమును కుదింతురు. పటము గీయువాడు, చరిత్ర వ్రాయువాడు చేయు పనియు ఇదియే. కుదించిన చోటు దాచకుండ చెప్పుటలోనే నిజాయితీ ఉన్నది.

బరువు విషయమున లెక్క మరింత విచిత్రముగా ఉండును. పొడవు 76 వంతులు తగ్గినప్పుడు వైశాల్యము 5,800 వంతులును, ఘనపరిమాణము 4,42,000 వంతులును తగ్గును. 1927లో తయారైన గ్రేట్ వెస్టర్న్ ‘కింగ్’ తరగతి ఇంజను బరువు 89 టన్నులు. నమూనాలో ఆ లెక్కన అది ఇంచుమించు 200 గ్రాములే ఉండవలెను. అంత తేలికైన ఇంజను చక్రములు పట్టాపై జారును గాని పెట్టెలను లాగవు. అందుచే లోపల సీసపు ముక్కలు నింపుట పరిపాటి. వంతెనలకు ఇది తలక్రిందులుగా పనిచేయును. దూలము బలము దాని అడ్డుకోత వైశాల్యమును బట్టి ఉండును, మోయవలసిన బరువు ఘనపరిమాణమును బట్టి ఉండును. కాబట్టి అదే పదార్థముతో కట్టిన నమూనా వంతెన తన బరువును మోయుటలో అసలు వంతెన కంటె 76 రెట్లు నిశ్చింతగా ఉండును. గెలీలియో 1638లో ప్రకటించిన గ్రంథములోనే ఈ సూత్రమును వివరించెను. అగ్గిపుల్లల వంతెన నిలిచినది గనుక అసలు వంతెన కూడ నిలుచునని వాదించుట తప్పు. మెనాయ్ జలసంధిపై బ్రిటానియా వంతెన కట్టుటకు ముందు 1840లలో ఫెయిర్‌బెయిర్న్, హాడ్జ్‌కిన్సన్ అనువారు ఆరింట ఒకవంతు ఇనుప గొట్టమును చేసి, అది విరుగువరకు బరువులు పెట్టి పరీక్షించిరి. వారును ఫలితమును అట్లే తీసికొనక, పరిమాణ భేదమును లెక్కకట్టియే వాడుకొనిరి. నమూనా ఆకారమునకు సాక్షి, బలమునకు కాదు.

ఆకారమునకు సాక్షిగా ఎంత దూరము పోవచ్చునో చూపిన ప్రయత్నము ఆక్స్‌ఫర్డ్‌షైరులోని లాంగ్ విటెన్‌హామ్ గ్రామమున కలదు. దాని పేరు పెండన్ మ్యూజియము. ఆస్ట్రేలియాలో పుట్టిన రాయ్ ఇంగ్లండ్ అను యువకుడు 1925లో ఇంగ్లండు చేరి, స్విండను సమీపమున నివసించెను. అతనికి గ్రేట్ వెస్టర్న్ రైళ్ళనిన ప్రాణము. కాని రైలు కిటికీ వెలుపల మరియొకటి మారిపోవుచున్నట్లు అతడు గమనించెను. ‘వైట్ హార్స్ లోయ’ అను ఆ ప్రాంతమున గడ్డి కప్పుల ఇండ్లు, రాతి గోడలు, తోటలు ఒక్కొక్కటిగా రూపు మారుచుండెను. రైల్వే సంస్థ తన ఇంజనులనైనను పటములు గీసి ఉంచుకొన్నది. పల్లెటూరి పూరింటికి పటము ఎవరు గీయుదురు? అతడు ఇండ్లను కొలిచి, ఛాయాచిత్రములు తీసి, రంగులు గుర్తించుకొని, అట్టతో వానిని కట్టసాగెను. 1954లో, పూర్వము పూటకూళ్ళ సత్రముగా నుండిన ఒక భవనమున మ్యూజియమును స్థాపించెను. నలువురు మిత్రులు తోడైరి. వారిలో గై విలియమ్స్ ఇంజనుల నిర్మాణమున సిద్ధహస్తుడు. పట్టాలు 18 మిల్లీమీటర్లవి. ఇరుకు పట్టాలను వారు అంగీకరింపలేదు.

ఈ నమూనాలోని ఊరు 1920లు, 1930ల నాటిది. అట్టపై ఇటుకలను ఒక్కొక్కటిగా గుర్తించి రంగు వేసెదరు. గోడలో ఒక ఇటుక మాసిపోయినచో నమూనాలోను అది మాసియే ఉండును. కప్పు గడ్డికి సన్నని జనుపనార వంటి నారను పరచెదరు. ఒక్క ఇల్లు పూర్తి అగుటకు నెలలు పట్టును. సంవత్సరములు పట్టినవియు కలవు. ఐనను ‘పెండన్ పార్వా’ అను ఊరు ఏ పటమునను లేదు. ఇండ్లు నిజమైనవి, ఊరు కల్పితము. వేర్వేరు గ్రామములలో నిజముగా ఉండిన ఇండ్లను ఏరి తెచ్చి ఒకచోట కూర్చినారు. ఇది కొందరికి లోపముగా తోచవచ్చును. కాని ఒక్క గ్రామమునే ఉన్నదున్నట్లు తీసికొన్నచో, అప్పటికే మారిపోయిన ఇండ్ల స్థానమున ఊహతో కట్టవలసి వచ్చెడిది. కొలిచిన ఇంటిని కల్పిత వీధిలో నిలుపుటయా, ఊహించిన ఇంటిని నిజమైన వీధిలో నిలుపుటయా? రాయ్ ఇంగ్లండ్ మొదటి దానిని ఎన్నుకొనెను. ఏది సాక్ష్యమో ఏది కూర్పో చూచువానికి తెలియుచున్నంతకాలము ఆ ఎన్నికయే మేలు.

పెండన్‌లో రెండవ దృశ్యము డార్ట్‌మూర్ కొండలది. అందులో లోయను దాటుచు బ్రూనెల్ పద్ధతి కొయ్య వంతెన ఒకటి కలదు. ఇట్టి వంతెనలు ఇంగ్లండు పడమటి కొనయందు ఒకనాడు ప్రసిద్ధములు. 1859లో ప్లిమత్ నుండి ట్రూరో వరకు వేసిన కార్న్‌వాల్ రైలు మార్గమున కొయ్య వంతెనలు 34 ఉండెను. డబ్బు తక్కువ, లోయలు ఎక్కువ. బ్రూనెల్ రాతి స్తంభములను కొంత ఎత్తు వరకు మాత్రము లేపి, వాని నెత్తిన దేవదారు దూలములను విసనకర్ర పుల్లల వలె విప్పి, వానిపై దారిని నిలిపెను. ఏ దూలము పుచ్చినను, బండ్ల రాకపోకలను ఎక్కువగా ఆపకుండ, దానిని ఒక్కదానిని తీసి కొత్తది అమర్చునట్లు కూర్పు చేసెను. అర్ధశతాబ్ది పాటు అట్లు మార్చుచు వచ్చిరి. తరువాత మంచి కొయ్య ఖరీదు పెరిగినది, బండ్ల బరువు పెరిగినది. 1908 నాటికి ప్రధాన మార్గముపైని, 1934లో ఫాల్మత్ శాఖ మార్గముపైని చివరి కొయ్య వంతెనకు స్వస్తి చెప్పిరి. కొన్నిచోట్ల కొత్త రాతి వంతెన ప్రక్కన పాత స్తంభములు తలలు లేని మొండెముల వలె నేటికిని నిలిచియున్నవి. వానిని చూచి పైన కొయ్య ఎట్లుండెనో ఊహించుట సామాన్యునకు సాధ్యము కాదు. పెండన్ నమూనా ముందు నిలుచున్న బాలునకు అది నిమిషములో తెలియును. ఏ దూలము ఏ దూలమును మోయుచున్నదో వ్రేలుపెట్టి చూపగలడు.

కట్టడమును ఇట్లు నిలుపవచ్చును గాని, రైలు మార్గమనగా కట్టడము మాత్రమే కాదు. గంటలు, సంకేతములు, కాలపట్టిక - ఇవి కూడ ఒక కాలపు చరిత్రయే. పీటర్ డెన్నీ అను ఆంగ్ల మతాచార్యుడు రెండవ ప్రపంచయుద్ధానంతరము గ్రేట్ సెంట్రల్ రైల్వేకు బకింగ్‌హామ్ పట్టణమునకు ఒక శాఖ ఉండినట్లు భావించి, 1907 ప్రాంతపు రూపమున నమూనాను కట్టెను. శాఖ కల్పితము, నడుపు పద్ధతి అసలైనది. ఒక సిగ్నలు గది నుండి మరియొక గదికి గంటలతో అడిగి, బదులు వచ్చిన మీదటనే బండిని పంపవలెను. రెండవ గదిని అతని కుమారుడు నడుపుచుండెడివాడు. పిల్లవాడు ఎదిగి అందుబాటులో లేకపోగా, గంటలకు బదులిచ్చి సిగ్నళ్ళను మార్చు విద్యుద్యంత్రమును తండ్రి తయారుచేసి, దానికి కుమారుని పేరే పెట్టి ‘ఆటోమేటిక్ క్రిస్పిన్’ అని పిలిచెను!

ఈ నడుపు విద్యను ఆటగా గాక వృత్తిగా నేర్పుటకును నమూనాలు ఉపయోగపడినవి. లాంకషైర్ అండ్ యార్క్‌షైర్ రైల్వే 1912లో మాంచెస్టరున సిగ్నలుమెన్ల శిక్షణకై ఒక నమూనా మార్గమును నిర్మించినది. అందు తప్పు సిగ్నలు ఇచ్చినను ప్రాణనష్టము లేదు. అది ఇప్పుడు యార్క్ నగరపు జాతీయ రైల్వే మ్యూజియమునకు చేరినది. తెలుగునాట సికిందరాబాదులో 1957లో ఏర్పడిన రైల్వే సిగ్నలు ఇంజనీరింగు శిక్షణ సంస్థలో కూడ నమూనాల గది కలదు.

తెలుగు జిల్లాల మీటరుగేజి మార్గములు 1992లో ఆరంభమైన ఏకగేజి పథకము తరువాత బ్రాడ్‌గేజిగా మారినవి. పట్టాలు మారినప్పుడు ప్లాట్‌ఫారములు, నీటి స్తంభములు, గేటు గదులు కూడ మారుట సహజము. అట్టి స్టేషను సమీపమున ఉన్న పాఠశాల ఒక్క దానిని ఎన్నుకొని నమూనా కట్టదలచినచో ముందుగా ఒక సంవత్సరమును నిశ్చయించుకొనవలెను. సంవత్సరము లేని నమూనాలో 1930 నాటి ఇంజను 1980 నాటి పెట్టెలను లాగును. తరువాత టేపుతో కొలువగలిగినదంతయు, రైల్వే వారి అనుమతితో, కొలువవలెను. కొలుచుటకు వీలులేని ఎత్తులకు ఇటుకల వరుసలను లెక్కించిన చాలును. ఒక వరుస ఎత్తు తెలిసినచో గోడ ఎత్తు వచ్చును. పాత ఛాయాచిత్రములో తెలిసిన ఎత్తు గల మనిషియో తలుపో ఉన్నచో, ప్రక్కనున్న స్తంభము ఎత్తును త్రైరాశికముతో రాబట్టవచ్చును; ఐతే రెండును కెమెరాకు ఒకే దూరమున ఉండవలెను. నలుపు తెలుపు చిత్రములలో రంగు తెలియదు గనుక, పదవీ విరమణ చేసిన స్టేషను మాస్టరులను, గ్యాంగ్‌మెన్లను విడివిడిగా అడిగి, వారి జవాబులు కలిసినప్పుడే రంగు వేయుట మంచిది. మీటరుగేజి పట్టాల ఎడము అడుగునకు 4 మిల్లీమీటర్ల కొలతలో 13.1 మిల్లీమీటర్లు. కొలిచినది దేనిని, ఛాయాచిత్రము నుండి తీసినది దేనిని, ఊహించినది దేనిని - ఇవి మూడు రంగుల సిరాతో వ్రాసిన కాగితమును, తేదీ వేసి, నమూనా పలక అడుగున అతికింపవలెను.